నచ్చడమా, రెండోదా?

"కిటికీ మూయండి."

"మూయను."

"వాన లోపలికి కొడుతోందండీ!"

"కొట్టనివ్వండి."

సినాజో నాతో మాట్లాడిన మొట్టమొదటి మాటలివి. ఉమ్తాతాలో పోర్ట్ సెయింట్ జాన్స్ వెళ్ళే టాక్సీ వ్యాను ఎక్కి పది నిమిషాలు కూడా కాలేదు. నా ఒళ్ళో నూట ఇరవై లెక్కల పరీక్ష పేపర్లు ఉన్నాయి. ఆమె ఒళ్ళో ఒక నీలం రంగు ఐసుపెట్టె ఉంది. దాన్ని పసిబిడ్డలా రెండు చేతులతో పొదువుకుని కూర్చుంది.

"చూడండి, ఇవి పిల్లల పేపర్లు. తడిసిపోతే నేనెవరికి ఎన్ని మార్కులు వెయ్యను?"

"అందరినీ పాస్ చేసెయ్యండి టీచర్. మీ పేరు చెప్పుకుని సంతోషిస్తారు. ఇవి మేకల టీకాలు. కింద ఇంజన్ సెగ, కిటికీ మూశామంటే మందు ఉడికిపోతుంది. పిల్లలు ఇంకోసారి పరీక్ష రాసుకుంటారు. మేకలకి ఇంకో ప్రాణం ఎక్కణ్ణించి తేను?"

"నేను టీచర్నని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ‘కిటికీ మూయండి’ అనగానే చేతిలో బెత్తం కనపడింది."

వెనక సీటులో ముసలావిడ కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి అనబోయేలోపే ఆ పిల్ల తన జాకెట్ విప్పి నా పేపర్ల మీద కప్పేసింది. కిటికీ మాత్రం ముయ్యలేదు. దారి పొడుగునా ఆమె భుజం తడుస్తూనే ఉంది. నేను కొండల్ని చూస్తున్నట్టు నటించాను. నవ్వితే ఎడమ బుగ్గ ఒక్కటే సొట్టపడుతుంది, కుడిబుగ్గకి ఆ సంగతే తెలియదు. కొండల్ని చూసేవాళ్ళకి ఇదెలా తెలిసిందని మీరు అడగకండి.

నా పేరు బబల్వా. అప్పటికి ముప్ఫై ఒకటి దాటాయి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను, చర్చిలో పాడతాను. ‘పెళ్ళెప్పుడు చేసుకుంటావ్?’ అని ఎవరడిగినా ‘సరైన మనిషి దొరకాలిగా’ అనేదాన్ని. మా ఖోసా భాషలో ఒక గొప్ప సుఖం ఉంది. అతను, ఆమె అని వేర్వేరు మాటలుండవు. మగా ఆడా తేల్చకుండానే ఒక మనిషి గురించి గంటసేపు మాట్లాడొచ్చు. ఆ సుఖంలో నేను పదేళ్ళు దాక్కున్నాను.

వ్యాను లిబోడె దాటి కొంత దూరం పోయాక ఆగిపోయింది. ముందు వాగు పొంగి వంతెన మీదుగా పారుతోంది. సాయంత్రం నాలుగైంది. "ఇవాళ్టికి ఇంతే," అన్నాడు డ్రైవర్. రోడ్డు పక్కనే ఒక గెస్ట్‌హౌస్ ఉంది. జనం అటు పరుగెత్తారు. పేపర్లూ పెట్టే పట్టుకుని మేమిద్దరం వెళ్ళేసరికి మిగిలింది ఒక్క గది.

ఆ ఇంటావిడ పేరు నోబుంటు. పేరుకర్థం మానవత్వానికి అమ్మ అని. ఆ పేరుకి తగ్గట్టే ఎదురొచ్చింది. "అయ్యో, ముద్దయిపోయారు కదే తల్లీ! ఇద్దరూ ఆడపిల్లలేగా, ఒక గదిలో సర్దుకోండి. ఆ పెట్టె ఇటివ్వు, ఫ్రిజ్‌లో చోటు చేస్తాను. ముందు టీ తాగండి," అంది.

ఇంతలో సినాజో ఫోను మోగింది. వాళ్ళమ్మ. గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడుతోంది. "భయపడకమ్మా, ఒంటరిగా లేను. నాతో ఒకరున్నారు. టీచరు. ఎన్దియంథాండా."

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. మా భాషలో నచ్చడానికీ ప్రేమించడానికీ ఒకటే మాట, థాండా. ‘ఆ మనిషి నాకు నచ్చింది’ అన్నా అదే, ‘ఆ మనిషంటే నాకు ప్రేమ’ అన్నా అదే. ఏది ఎప్పుడన్నది గొంతుని బట్టి, కళ్ళని బట్టి అర్థం చేసుకోవాలి. నోబుంటు ఆంటీ తువ్వాళ్ళు పట్టుకుని సరిగ్గా సినాజో వీపు వెనకకొచ్చింది. ఆవిడకి ఆ కళ్ళు కనపడలేదు, మాట ఒక్కటే వినపడింది.

ఆవిడ మొహం మాడిపోయింది. తువ్వాళ్ళు బల్ల మీద పెట్టి ఐసుపెట్టె తెచ్చి సినాజో చేతిలో పెట్టింది.

"ఇది దేవుడికి భయపడే ఇల్లు. మీలాంటివాళ్ళకి ఇక్కడ గది లేదు."

"మాలాంటివాళ్ళంటే?" అన్నాను నేను.

"నా చేత చెప్పించకు. నీ గురించి ఏమందో నా చెవులతో విన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక్క మంచం. ఛీ! నడవండి బయటికి."

తలుపు పడింది. మేము వానలో పడ్డాం.

"ఏం మనిషివి నువ్వు!" గేటు బయట సినాజో మీద విరుచుకుపడ్డాను. "‘ఊరికే నచ్చిందన్నాను ఆంటీ, అంతే’ అని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? ఈపాటికి వెచ్చగా టీ తాగుతుండేవాళ్ళం!"

"నచ్చడమా, రెండోదా అని ఆవిడ అడిగిందా? మీలాంటివాళ్ళకి గది లేదంది. అలాంటిదాన్ని కాదని నేను చెప్పను టీచర్."

"ఎందుకు చెప్పవ్?"

"అలాంటిదాన్నే కాబట్టి."

జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే కళ్ళార్పకుండా చెప్పింది. ‘నేను కూడా’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఈ రోజుకీ ఆ సంగతి తల్చుకుంటే సిగ్గేస్తుంది.

తెల్లారేదాకా వ్యానులోనే ముడుచుకుని కూర్చున్నాం. పొద్దున పెట్టె మూత తీస్తే ఐసంతా నీళ్ళు. సినాజో ఒక్కో సీసా తీసి వెలుతురుకి పట్టి చూసి మళ్ళీ పెట్టేసింది.

"రెండు వందల మేకలు," అంది నెమ్మదిగా. "జనం కొండ దిగి నా కోసం ఎదురు చూస్తుంటారు. వాళ్ళకి నేనేం చెప్పను?"

అంతవరకూ గలగలా మాట్లాడిన పిల్ల గొంతు అలా అయిపోయేసరికి నాలో ఏదో తిరగబడింది. మా బడిలో లెక్కల టీచర్లకి జీవన విద్య అనే పీరియడ్ కూడా అంటగడతారు. రాజ్యాంగంలో తొమ్మిదో సెక్షన్, ఏయే కారణాలతో మనిషిని తక్కువ చెయ్యకూడదో ఆ జాబితా, ఆరేళ్ళుగా పిల్లలకి చదివి వినిపిస్తున్నాను. జాతి, లింగం, మతం, భాష... లైంగిక ధోరణి అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఏటా నా గొంతు దానంతటదే తగ్గిపోయేది.

"కేసు వేద్దాం," అన్నాను.

"వదిలెయ్ టీచర్."

"వదలను. నా పేరు టీచర్ కాదు, బబల్వా."

"బెత్తం పట్టుకుని కోర్టుకెళ్తావా బబల్వా?" అంది. ఎడమ బుగ్గ సొట్టపడింది.

ఉమ్తాతా మేజిస్ట్రేటు కోర్టులోనే సమానత్వ కోర్టు కూడా ఉంది. లాయరు లేకపోయినా ఫరవాలేదన్నారు, ఫీజు లేదన్నారు. మేము ఒకరి మాట మీద ఒకరం పడి చెబుతుంటే గుమాస్తా అమ్మాయి విసుక్కోకుండా ఫారం మొత్తం రాసిపెట్టింది. ‘మీకేం కావాలి?’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి మా మొహాలు చూసింది. "క్షమాపణ," అంది సినాజో. "మేకల మందు," అన్నాను నేను. ఆ పిల్ల రెండూ రాసింది. ఆ గడి ఆ కాగితం మీద పెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. మీకేం కావాలని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

కేసు ఏడు నెలలు నడిచింది. వాయిదా అంటే లోకం తిట్టుకుంటుంది. నేను మాత్రం ప్రతి వాయిదాకీ లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాను. వాయిదా పడ్డ రోజల్లా కోర్టు ఎదురుగా బండి దగ్గర నూనెలో వేయించిన వేడి రొట్టెలు తినడం, చేతులకంటిన నూనె ఎవరి రుమాలుకి తుడవాలా అని పోట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది. మూడో వాయిదా రోజున ధైర్యం చేశాను.

"సినాజో, నేనూ అంతే."

"ఏమంతే?"

"అదే. నువ్వంతే కదా. నేనూ."

"తెలుసు."

"ఎప్పణ్ణించి?"

"నా జాకెట్ తిరిగివ్వని రోజు నించి."

నాకు నోట్లో రొట్టె దిగలేదు. దగ్గు వచ్చింది. వీపు మీద నిమిరింది. ఆ దగ్గుని నేను కాస్త పొడిగించాను.

"మరి... ఆ రోజు మీ అమ్మతో ఫోన్లో అన్నావే, థాండా అని," అన్నాను చెయ్యి తీశాక. "ఏ అర్థంతో?"

"వ్యాకరణం టీచర్లు చెప్పాలి. నన్నడుగుతావేంటి?"

"నేను లెక్కల టీచర్ని."

"అయితే లెక్కేసుకో."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత నాలుగు నెలలూ నేను లెక్కేసుకుంటూనే ఉన్నాను. ఒకరోజు నచ్చడమే అని తేలేది, ఇంకోరోజు రెండోది అని తేలేది. గట్టిగా అడుగుదామంటే భయం. నచ్చడమే అంటే? అప్పుడిక రొట్టెలు కూడా ఉండవేమో. బయటివాళ్ళకి మా కేసు ఒక గది గురించి. నాకు మాత్రం అది ఆ ఒక్క మాట గురించి.

విచారణ రోజు పొద్దున్నే సినాజో కంగారుగా ఎదురొచ్చింది.

"కొంప మునిగింది. అమ్మ వచ్చింది!"

"ఎందుకు?"

"మేకల మందు పాడుచేసిన మనిషి మొహం చూడాలట. కేసు మందు గురించే అని చెప్పాను. మిగతాది తెలియదు. అదొక్కటే కాదు, ఆ రోజు ఫోన్లో నేను చెప్పిన మనిషి అబ్బాయి అనుకుంది. ఏడు నెలలుగా ‘ఎప్పుడు తీసుకొస్తావ్’ అని ప్రాణం తీస్తోంది."

"నువ్వేమన్నావ్?"

"తీసుకొస్తానన్నాను."

"ఎవర్ని?" అని అడిగేలోపే లోపల్నించి మా పేర్లు పిలిచారు. వెనక బెంచీలో సినాజో వాళ్ళమ్మ దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నోబుంటు ఆంటీని పైనించి కిందకీ, కిందనించి పైకీ చూస్తోంది.

మేజిస్ట్రేటు ఒక సన్నపాటి ఆవిడ. కళ్ళద్దాల పైనించి చూస్తుంది. నేను ఇంగ్లీషులోనే సాక్ష్యం చెప్పేశాను. సినాజో ఖోసాలో చెబుతానంది. కోర్టు దుబాసీ జోంగిలంగా గారు లేచారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆయనది. దుబాసీలకి ఒక నియమం ఉంది. సాక్షి ‘నేను’ అంటే వాళ్ళూ ‘నేను’ అనాలి. దొంగ ‘నేను తియ్యలేదు బాబోయ్’ అంటే ఆయనా తీరిగ్గా ‘నేను తియ్యలేదు బాబోయ్’ అంటారు.

మందు సంగతి, వాన సంగతి అయ్యాయి. ఆంటీ తరపు లాయరు లేచాడు.

"ఆ రోజు ఫోన్లో మీరు సరిగ్గా ఏమన్నారు?"

"నాతో ఒక టీచరుందని చెప్పాను. ఎన్దియంథాండా అన్నాను."

జోంగిలంగా గారు నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు. మేజిస్ట్రేటు వైపు తిరిగారు. "అమ్మా, ఖోసాలో ఈ మాట ఒకటే. ఇంగ్లీషులో రెండున్నాయి. ఏది వెయ్యాలో సాక్షినే అడగనివ్వండి."

లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదే నేననేది! ఊరికే నచ్చిందన్న మాటైతే వీళ్ళు జంటే కారు. జంట కానివాళ్ళకి వివక్ష ఎక్కడిదమ్మా?"

"కూర్చోండి," అంది మేజిస్ట్రేటు. "వాళ్ళు ఎవరన్నది నాకనవసరం. ఎవరనుకుని మీ క్లయింటు తలుపు వేసిందన్నదే నాకు కావాలి. ఈ సాక్షి ఏ జవాబు చెప్పినా దాని వల్ల కేసు మారదు. కానీ రికార్డులో మాట సరిగ్గా ఉండాలి. అడగండి."

అంటే సినాజో నచ్చడమే అని చెప్పేసి దిగిపోవచ్చు. కేసుకి నష్టం లేదు. వెనక వాళ్ళమ్మకి తెలియాల్సిన పనీ లేదు. అది నాకు అర్థమైంది. సినాజోకి కూడా అర్థమైందని ఆమె మొహమే చెప్పింది. చెప్పెయ్, ఫరవాలేదు, చెప్పేసి దిగు అని మనసులో అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకెంత నొప్పి పుట్టిందో నాకే తెలుసు.

జోంగిలంగా గారు ఖోసాలోకి దిగారు. "చూడమ్మాయ్, మొక్కజొన్న గుగ్గిళ్ళు నచ్చినట్టు నచ్చిందా, లేకపోతే కాపురం చెయ్యాలనిపించేలాగానా?"

కోర్టంతా గొల్లుమంది. సినాజో నవ్వలేదు. వెనక్కి తిరిగి వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ప్రమాణం చేశాను కాబట్టి నిజమే చెబుతాను. ఆ రోజుకైతే నచ్చడమే అని రాసుకోండి. జాకెట్ తీసుకుని థాంక్స్ కూడా చెప్పని మనిషి మీద ఒక్క పూటలో అంతకంటే ఏం పుడుతుంది?"

మళ్ళీ నవ్వులు.

"ఈ రోజుకైతే రెండోది."

జోంగిలంగా గారు జాకెట్ దగ్గర్నుంచీ అన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పారు. చివరికొచ్చి, "ఈ రోజుకైతే రెండోది," అన్నారు.

"రెండోది అంటే?" అంది మేజిస్ట్రేటు. "రికార్డులో ఆ మాట పడాలి."

ఆయన గొంతు సవరించుకున్నారు. పొట్టమీద కోటు బొత్తాం పెట్టుకున్నారు. అరవై ఏళ్ళ ఆ బొంగురు గొంతు, నియమం ప్రకారం, నిటారుగా నిలబడి చెప్పింది.

"ఐ లవ్ హర్."

నా జీవితంలో మొట్టమొదటి ప్రేమ మాట నేను విన్నది ఒక తెల్లగడ్డం దుబాసీ నోట. ఖోసాలో దాక్కోగలిగిందంతా ఇంగ్లీషులో బయటపడిపోయింది. టైపిస్టు ఆ మూడు మాటలూ టకటకా కొట్టింది. నేను రెండు చేతులతో మొహం కప్పుకుని బడిపిల్లలా ఏడ్చాను. "సాక్షి గారి తోటి ఫిర్యాదీకి ఎవరైనా నీళ్ళివ్వండి," అంది మేజిస్ట్రేటు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

మధ్యాహ్నమే తీర్పు చెప్పేశారు. వ్యాపారానికి తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే అన్నారు. పాడైన మందుకి కొత్త మందు ఇప్పించాలి, కోర్టులోనే క్షమాపణ చెప్పాలి. నోబుంటు ఆంటీ లాయరు రాసిచ్చిన కాగితం చూసి గడగడా చదివేసింది. కూర్చోబోయి మళ్ళీ లేచింది.

"ఆ వానలో మిమ్మల్ని పంపకుండా ఉండాల్సింది. ఇది మాత్రం కాగితంలో లేదు, నేనే చెబుతున్నాను."

ఆవిణ్ణి పూర్తిగా క్షమించానో లేదో నాకే తెలియదు. కానీ ఆ సాయంత్రం ఆవిడ తువ్వాళ్ళిచ్చి తన దారిన తను పోయుంటే, నేనూ పొద్దున్నే పేపర్లు తీసుకుని నా దారిన పోయేదాన్ని. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంటాను.

వరండాలో సినాజో వాళ్ళమ్మ మా కోసం నిలబడి ఉంది. సినాజో నా వేళ్ళు పట్టుకుంది.

"ఏడు నెలలు!" అంది వాళ్ళమ్మ. "ఏడు నెలలుగా మీ మేనత్తలందరికీ అల్లుడొస్తున్నాడని చెప్పుకున్నానే!"

"నేను అబ్బాయని ఎప్పుడైనా అన్నానా అమ్మా?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "అన్లేదు," అంది చివరికి. "అనలేదు గానీ... ఇంతమంది ముందు, ఆ ముసలాయన చేత చెప్పించాలా? నాకు చెప్పుకోడానికి నీకు కోర్టు కావాల్సొచ్చిందా?"

"భయమేసింది."

"నేనంటేనా?"

సినాజో తలూపింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుప్పటి అంచుతో గబగబా తుడుచుకుని నా వైపు తిరిగింది. నా జుట్టు నుంచి చెప్పుల దాకా చూసింది. ఉదయం ఆంటీని చూసినట్టే.

"ఏ వంశమమ్మాయ్ మీది?"

మాలో ఒకే వంశంవాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, పెళ్ళి మాటే ఎత్తకూడదు. అందుకే మనువు తల్చుకున్న ఇంట్లో మొట్టమొదట పడేది ఈ ప్రశ్నే. మామూలుగా పరిచయమైన వాళ్ళని కూడా అడుగుతాం. నా మనసులో దొంగ ఉంది కాబట్టి నేను సినాజోని ఏడు నెలలూ అడగలేదు. ఒకటే అని తేలితే ఎలా అని నా బెంగ. కోర్టులో గెలిచి ఇక్కడ ఓడిపోతామా?

"బేలే," అన్నాను.

"మీ అమ్మది?"

"ద్లోమో."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. తమ వంశం పేర్లు, తాతల పేర్లు, వాళ్ళ తాతల పేర్లు ఒక్కొక్కటే తడుముతోంది. ఎక్కడా మావాళ్ళు తగలకూడదని నేను ఊపిరి బిగబట్టాను. పక్కన సినాజో కూడా బిగబట్టిందని ఆమె వేళ్ళని బట్టి తెలిసింది.

"మాది ఎంపింగా," అంది ఆవిడ కళ్ళు తెరిచి. "ఎక్కడా కలవదు. హమ్మయ్య!"

నేను మళ్ళీ మొదలుపెట్టాను, ఏడుపు.

"చాల్లే, మాబేలే," అంది నన్ను మా వంశం పేరుతో పిలిచి, ఇంటి కోడళ్ళని పిలిచే తీరులో. భుజాన ఉన్న బరువైన సంచీ తీసి నా చేతికిచ్చింది. "పట్టుకో. బస్సు దాకా నడవాలి."